చలువ పరుపు – వేడి లెక్క

ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు అన్నారు మన పెద్దలు. పొద్దస్తమానం పొలంలో కాయకష్టం చేసి వచ్చినవాడికి గట్టు మీది రాయి కూడా తలగడే అవుతుందన్నది ఆ మాటలోని భావం. ఆ సామెత పుట్టిన నేలకు పన్నెండు వేల కిలోమీటర్ల దూరంలో, కెనడాలో స్థిరపడిన మన కుటుంబాలకు నిద్ర ఎప్పటినుంచో సుఖం ఎరిగిన వ్యవహారమైపోయింది. పరుపుల దుకాణంలో అడుగు పెట్టగానే వినవచ్చే మొదటి మాట ‘కూలింగ్’. జెల్ నింపిన ఫోము, రాగి పొడి కలిపిన ఫోము, తాకగానే జిల్లుమనే గలేబు, వ్యోమగాముల కోసం తయారైన పదార్థమంటూ ఒక చిన్న చీటీ. ఈ మాటల వల్ల పరుపు ధర కొన్ని వందల డాలర్లు పెరుగుతుంది.

ఏడాదిలో సగం కాలం మంచు కురిసే దేశంలో చలువ పరుపు ఎందుకని నవ్వేవారూ ఉన్నారు. 2021 జూన్ 29న బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలోని లిట్టన్ అనే చిన్న ఊరిలో 49.6 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత నమోదయింది. రెంటచింతల, రామగుండం పేర్లు వింటూ పెరిగినవారికి కూడా ఆ అంకె ఆశ్చర్యం కలిగించింది. మరునాడే ఆ ఊరు కార్చిచ్చులో కాలిపోయింది. జూన్ 25 నుంచి జులై 1 వరకు సాగిన ఆ వేడిగాలుల కారణంగా ఆ ఒక్క రాష్ట్రంలో 619 మంది మరణించినట్లు అక్కడి కరోనర్ శాఖ తేల్చింది. వారిలో నూటికి 98 మంది ఇళ్ళలోపలే చనిపోయారు. మూడింట రెండు వంతుల మంది 70 ఏళ్ళు దాటినవారు. కనుక పరుపు చల్లగా ఉండటమంటే ఏమిటి, ఆ చల్లదనం ఎంతసేపు నిలుస్తుంది, ఏ పరిస్థితిలో అది అక్కరకు రాదు అన్నవి కేవలం కాలక్షేపపు ప్రశ్నలు కావు.

మున్ముందుగా శరీరపు లెక్క చూడాలి. నిద్రిస్తున్న పెద్ద మనిషి శరీరం సుమారు 75 వాట్ల వేడిని విడుదల చేస్తూనే ఉంటుంది. పాతకాలపు 75 వాట్ల విద్యుద్దీపం ఒకటి రాత్రంతా దుప్పటి కింద వెలుగుతున్నట్లు ఊహించుకోవచ్చు. ఎనిమిది గంటలకు ఇది సుమారు 21 లక్షల 60 వేల జౌళ్ళు. ఆరున్నర కిలోల మంచుగడ్డను నీరుగా కరిగించడానికి సరిపోయే వేడి ఇది. ఇదంతా వహనం, సంవహనం, వికిరణం, చెమట బాష్పీభవనం అనే నాలుగు దారులలో బయటికి పోవాలి. పోకపోతే శరీరం వేడెక్కుతుంది, నిద్ర చెదురుతుంది.

నిద్రకూ వేడికీ ఉన్న సంబంధం ఇంకొంచెం లోతైనది. రాత్రి పొద్దుపోయేకొద్దీ శరీరాంతర్భాగపు ఉష్ణోగ్రత దాదాపు ఒక డిగ్రీ తగ్గుతుంది. ఆ తగ్గుదలకు వీలుగా అరచేతులలో, అరికాళ్ళలో రక్తనాళాలు వ్యాకోచించి లోపలి వేడిని చర్మానికి చేరవేస్తాయి. పాదాలు వెచ్చబడినవారికి నిద్ర త్వరగా పడుతుందని స్విట్జర్లాండులోని బాసెల్ నగర శాస్త్రజ్ఞులు 1999లో ‘నేచర్’ పత్రికలో ప్రకటించారు. పడుకోబోయే ముందు పిల్లల అరికాళ్ళకు నూనె రాసి మర్దన చేసిన నాయనమ్మలకు ఈ వార్త అంత కొత్తగా తోచి ఉండదు. అంటే నిద్రకు కావలసింది చలి కాదు. లోపలి వేడి బయటికి సాఫీగా పోయే మార్గం. కలలు ఎక్కువగా వచ్చే నిద్రాదశలో చెమట పట్టించడం, వణికించడం వంటి శరీరపు సర్దుబాట్లు మందగిస్తాయి. ఆ దశ రాత్రి చివరి భాగంలో ఎక్కువ. ఈ సంగతి కాసేపట్లో మళ్ళీ అవసరపడుతుంది.

మన నులక మంచం ఈ సమస్యను ఏ రసాయనమూ లేకుండానే పరిష్కరించింది. అల్లిక సందుల గుండా కిందనుంచి గాలి ఆడుతుంది. వీపుకు పట్టిన చెమట ఆరుతుంది. చర్మం మీద ఒక గ్రాము చెమట ఆవిరైతే సుమారు 2,400 జౌళ్ళ వేడి పోతుంది. ఆ లెక్కన గంటకు 110 గ్రాముల చెమట ఆరితే నిద్రించే శరీరపు వేడి మొత్తం తీరిపోతుంది. వేసవి సాయంత్రం డాబా మీద నీళ్ళు చల్లి పక్కలు వేయడంలోనూ, గుమ్మానికి తడిపిన వట్టివేళ్ళ తడికె కట్టడంలోనూ, కూజాలో నీళ్ళు చల్లబడటంలోనూ ఉన్నది ఈ బాష్పీభవన సూత్రమే. గాలి పొడిగా ఉండే అనంతపురంలో ఇది పనిచేసినంత బాగా సముద్రపు తేమ నిండిన కాకినాడలో పనిచేయదు.

మెమరీ ఫోము దీనికి సరిగ్గా విరుద్ధం. విమానపు సీట్లలో ప్రయాణికుల రక్షణ కోసం 1966లో చార్లెస్ యోస్ట్ నాసా వారి ఏమ్స్ కేంద్రం తరఫున రూపొందించిన పాలియురిథేన్ పదార్థం అది. 1991లో స్వీడన్‌లో పరుపుగా బజారుకెక్కింది. శరీరపు వేడికి మెత్తబడి ఒంటి ఆకారానికి ఒదిగిపోవడం దాని గుణం. నడుమునొప్పి ఉన్నవారికి ఆ గుణం హాయిగానే ఉండవచ్చు. ఐతే ఒంటికి ఎంత ఒదిగితే అంత ఎక్కువ చర్మం ఫోముకు ఆనుకుంటుంది, గాలి ఆడే చోటు తగ్గుతుంది. పాలియురిథేన్ ఫోము ఉష్ణ వాహకత మీటరుకు, డిగ్రీకి 0.03 నుంచి 0.04 వాట్లు మాత్రమే. ఇళ్ళ గోడలలో చలి చొరకుండా నింపే పదార్థాల కోవకు చెందిన సంఖ్య ఇది. అలాంటి దాని మీద పడుకుని ఉక్కగా ఉందనడంలో వింత లేదు. చలువ పరుపుల వ్యాపారమంతా ఈ ఒక్క ఫోము చేసిన చెరుపును సరిదిద్దబోయే ప్రయత్నమని చెప్పినా పెద్ద తప్పు కాదు.

ఆ ప్రయత్నాలలో మొదటిది తాకిడి చల్లదనం. ఒకే గదిలో, ఒకే ఉష్ణోగ్రతలో ఉన్న స్టీలు గ్లాసు, చెక్క పీట తాకి చూస్తే గ్లాసే చల్లగా తోస్తుంది. గ్లాసు చేతిలోని వేడిని వేగంగా లాగేస్తుంది గనుక. గలేబులలో వాడే కొన్ని పాలిథీన్ నూలు పోగులలో అణువులు పోగు పొడవునా వరుసగా అమరి ఉంటాయి. అందువల్ల ఆ దిశలో వేడి బాగా ప్రవహిస్తుంది. ఈ గుణాన్ని కొలవడానికి జపానులో రూపొందిన పరికరం ఒకటి ఉంది. అది కొలిచేది బట్టను తాకిన తొలి క్షణంలో చర్మం నుంచి వేడి ఎంత ఉధృతంగా పోతుందన్నది మాత్రమే. దుకాణంలో అరచేయి ఆనించి ‘అబ్బ, ఎంత చల్లగా ఉందో’ అనుకోవడమూ అదే కొలత. అర్ధరాత్రి రెండు గంటలకు ఆ బట్ట ఎలా ఉంటుందో చేయి చెప్పలేదు. రాగి పొడి సంగతీ ఇంతే. రాగి గొప్ప ఉష్ణవాహకమే. కాని ఫోములో విడివిడిగా చెదిరిన రాగి రేణువుల మధ్య ఫోమే ఉంటుంది. సముద్రంలో అక్కడక్కడ ద్వీపాలున్నంత మాత్రాన కాలినడకన దాటలేం గదా! జెల్ కొంత మెరుగు. ఫోము కన్న బరువైనది, వేడిని కాస్త ఎక్కువగా ఇముడ్చుకుంటుంది. అది కూడా వేడెక్కిన తరువాత మామూలు పరుపే.

రెండవ పద్ధతి రసాయనశాస్త్రానికి సంబంధించినది, అన్నిటికన్న ఆసక్తికరమైనది. కెనడాలోని ప్రతి తెలుగు ఇంట్లోనూ దీనికి నమూనా ఒకటి ఉంటుంది: స్నానాల గదిలోని కొబ్బరినూనె సీసా. చలికాలమంతా తెల్లగా గడ్డకట్టి, పుల్లతో గీరి తీసుకోవలసి వస్తుంది. వేసవి రాగానే నీరులా కరుగుతుంది. కొబ్బరినూనె 24, 25 డిగ్రీల ప్రాంతంలో కరుగుతుంది. కరిగేటప్పుడు అది చుట్టుపక్కల నుంచి వేడిని పీల్చుకుంటుంది. కాని పూర్తిగా కరిగేదాకా దాని ఉష్ణోగ్రత పెద్దగా పెరగదు. ఉష్ణమాపకానికి కనబడకుండా పదార్థంలో దాగిపోయే ఈ వేడినే గుప్తోష్ణం అంటారు. 1760ల తొలినాళ్ళలో గ్లాస్గో విశ్వవిద్యాలయంలో జోసెఫ్ బ్లాక్ దీనిని గుర్తించాడు.

పరుపులలో వాడేది ఎక్కువగా పారఫిన్ మైనాలు. కార్బన్ పరమాణువులు గొలుసులా వరుసకట్టిన హైడ్రోకార్బన్లు ఇవి. గొలుసు పొడవును బట్టి కరిగే ఉష్ణోగ్రత మారుతుంది. 17 కార్బన్లున్న హెప్టాడెకేన్ 22 డిగ్రీల వద్ద, 18 కార్బన్లున్న ఆక్టాడెకేన్ 28 వద్ద, 19 ఉన్న నోనాడెకేన్ 32 వద్ద, 20 ఉన్న ఐకోసేన్ దాదాపు 37 వద్ద కరుగుతాయి. పడకలో చర్మపు ఉష్ణోగ్రత 33, 34 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఐకోసేన్ ఒంటి కింద ఉన్నా సరిగా కరగదు. హెప్టాడెకేన్ వేసవి గదిలో మనిషి పడుకోకముందే కరిగి ఉంటుంది. అందుకే ఆక్టాడెకేన్‌కు, దాని ఇరుగుపొరుగు మిశ్రమాలకు ఇంత గిరాకీ. ఒక గ్రాము ఆక్టాడెకేన్ కరగడానికి సుమారు 240 జౌళ్ళు కావాలి. అదే మైనాన్ని కరగకుండా అంత వేడి ఇముడ్చుకొమ్మంటే దాని ఉష్ణోగ్రత నూరు డిగ్రీలకు పైగా పెరగవలసి వస్తుంది!

కరిగిన మైనం పక్కబట్టల మీదికి కారకూడదు. అందుకని దానిని కంటికి కనబడనంత చిన్న గుళికలలో బంధిస్తారు. ఒక్కొక్క గుళిక మిల్లీమీటరులో కొన్ని వేల వంతులు మాత్రమే. చుట్టూ పలుచని పాలిమర్ పెంకు, లోపల మైనం. ఈ గుళికల విద్య పరుపుల కోసం పుట్టలేదు. కార్బన్ కాగితం అక్కర లేకుండా రశీదుకు నకలు తీసే కాగితాల కోసం 1950లలో అమెరికాలోని నేషనల్ క్యాష్ రిజిస్టర్ సంస్థలో సిరా గుళికలు తయారుచేశారు. కలంతో గట్టిగా రాస్తే గుళిక పగిలి కింది కాగితం మీద రంగు తేలుతుంది. 1980లలో నాసా ఆర్థిక సహాయంతో ట్రయాంగిల్ రీసెర్చ్ అనే సంస్థ, వ్యోమగాముల చేతి తొడుగుల కోసం ఇటువంటి గుళికలలో మైనాన్ని నింపి బట్టకు పట్టించింది. నాసా పేరు చెప్పి అమ్మే సరుకులలో చాలావాటి వెనుక ఉన్నది కథే కాని, మెమరీ ఫోముకూ మైనపు గుళికలకూ ఉన్న ఈ చుట్టరికం మాత్రం నిజం.

ఇక అసలు లెక్క. పెంకు బరువు పోగా గుళికల పొడి గ్రాముకు 180 జౌళ్ళు ఇముడ్చుకుంటుందనుకుందాం. ఒంటి కింద ఉన్న భాగంలో 200 గ్రాముల పొడి ఉందనుకుందాం. మొత్తం సామర్థ్యం 36,000 జౌళ్ళు. 75 వాట్లలో పరుపు వైపు పోయేది సుమారు 20 వాట్లు అనుకుంటే, 36,000ను 20తో భాగించగా 1,800 సెకన్లు, అంటే అరగంట. అరగంట తరువాత మైనమంతా ద్రవమైపోతుంది. ఆ పైన అది వట్టి బరువు. రాత్రంతా పనిచేయాలంటే ఒంటి కిందనే మూడు కిలోలకు పైగా పొడి పరచాలి. కలలు ఎక్కువగా వచ్చే తెల్లవారుజామున, శరీరం తన వేడిని తాను సర్దుకోలేని వేళకు, ఈ చలువ ఎప్పుడో ఖర్చయిపోయి ఉంటుంది.

అలాగని ఆ అరగంటను తీసిపారేయనక్కరలేదు. పడుకోగానే ఉక్కగా తోచి దొర్లేవారికి నిద్ర పట్టే సమయం అదే. పైగా మనిషి పక్కకు ఒత్తిగిలినప్పుడు ఖాళీ అయిన చోట మైనం తిరిగి గడ్డకడుతుంది; దాచుకున్న వేడిని గదిలోకి వదులుతుంది; మళ్ళీ పనికి సిద్ధమవుతుంది. జనవరిలో 19, 20 డిగ్రీలుండే కెనడా పడకగదిలో ఇది చక్కగా జరుగుతుంది. మందపాటి రజాయి కింద చెమట పట్టి మెలకువ వచ్చేవారికి ఈ పరుపు నిజంగానే ఉపకరిస్తుంది.

కాని గడ్డకట్టడానికి గది 28 డిగ్రీల కన్న చల్లగా ఉండాలి. ఇదే ఇందులోని కీలకం. వేడిగాలుల వారంలో పడకగది 31 డిగ్రీలుంటే పరుపులోని ఆక్టాడెకేన్ మధ్యాహ్నానికే పూర్తిగా కరిగి ఉంటుంది. రాత్రి పడుకునేవారికి దానివల్ల ఒక్క నిమిషపు చలువ కూడా రాదు. ఏ పరుపూ చలువను పుట్టించదు. కాసేపు వేడిని దాచిపెడుతుంది, అంతే. దాచినదాన్ని దించుకునే చోటు లేనప్పుడు ఖరీదైన పరుపూ, అటకమీది పాత బొంతా ఒకటే. టొరంటో నగర కేంద్రంలోని పెద్ద భవనాలను 2004 నుంచి ఆంటారియో సరస్సు అడుగున, 83 మీటర్ల లోతున ఉన్న 4 డిగ్రీల నీటితో చల్లబరుస్తున్నారు. అక్కడ వేడిని దించుకునే చోటు సరస్సంతటిది. పడకగదిలో కొన్ని వందల గ్రాముల మైనం.

ఈ సంగతి మన ఇళ్ళలో ముఖ్యంగా తెలియవలసినది వేసవిలో వచ్చే తల్లిదండ్రుల విషయంలో. మే నెలలో వచ్చి సెప్టెంబరు దాకా ఉండే పెద్దలు ఎండలను లక్ష్యపెట్టరు. ‘మా ఊళ్ళో ఎండలు చూసినవాళ్ళం, ఇదొక లెక్కా!’ అంటారు. పిల్లలు కూడా ‘నాన్నగారికి వేడి అలవాటేలే’ అని ఊరుకుంటారు. వేడికి శరీరం అలవాటు పడటం నిజమే. కాని చల్లని వాతావరణంలో కొన్ని వారాలు గడిపేసరికి ఆ అలవాటు చాలావరకు పోతుంది. వయసు మీరినకొద్దీ చెమట పట్టడం తగ్గుతుంది, దప్పిక తెలియడం తగ్గుతుంది. రక్తపోటుకు వాడే నీటిమాత్రలు ఒంట్లో నీటిని ఇంకా తగ్గించవచ్చు. దీనికి తోడు ఇక్కడి ఇళ్ళు వేడిని నిలుపుకోవడానికే కట్టినవి. పెంకుటింట్లో వలె ఎదురెదురు తలుపుల గుండా గాలి రాదు. పగలంతా కాగిన మేడమీది గది అర్ధరాత్రికి కూడా చల్లారదు. 2021లో మరణించినవారి ఇళ్ళలో చాలావాటికి ఎయిర్ కండిషనర్ లేదు. కొన్నింట పంకాలు తిరుగుతూనే ఉన్నాయి. గది గాలి చర్మం కన్న వేడిగా ఉన్నప్పుడు పంకా చేసేది వేడిగాలి విసరడమే.

బ్రిటిష్ కొలంబియా వ్యాధి నియంత్రణ కేంద్రం ఇచ్చిన కొలత గుర్తుంచుకోవడం తేలిక. ఇంటిలోపల 26 డిగ్రీల వరకు భయం లేదు. 31 దాటితే వృద్ధులకు, రోగులకు ప్రమాదం. ఆ రాష్ట్రపు 2024 భవన నిర్మాణ నియమావళి ప్రకారం కొత్త ఇళ్ళలో కనీసం ఒక గది 26 డిగ్రీలు మించకుండా ఉంచే ఏర్పాటు ఉండాలి. పెద్దల పడకగది గోడకు ఒక మామూలు ఉష్ణమాపకం తగిలించడానికి అయ్యే ఖర్చు చలువ గలేబు ధరలో ఎన్నో వంతు కూడా ఉండదు. అది 30 చూపుతున్న రాత్రి వారి పక్కను బేస్‌మెంటులోకి మార్చడం ఏ పరుపూ చేయలేని మేలు చేస్తుంది. తడిపి పిండిన పలుచని నూలు చొక్కా వేసుకోవడం, పడుకోబోయే ముందు గోరువెచ్చని కన్న కాస్త చల్లని నీళ్ళతో స్నానం, పగలు తెరలు దించి బయట చల్లబడ్డాక కిటికీలు తెరవడం కూడా పనిచేస్తాయి. మాట తడబడుతూ, మగతగా, ఒళ్ళు కాలిపోతూ ఉంటే మాత్రం ఇవేవీ కాదు. 911కు ఫోను చేయాలి.

వేడి గదిలో కూడా నిజంగా చల్లబరిచే పడకలు లేకపోలేదు. సన్నని గొట్టాలలో చల్లని నీటిని తిప్పే పరుపు కవర్లు ఇప్పుడు దొరుకుతున్నాయి. వాటిలో కొన్ని, 1834లో ఫ్రెంచి శాస్త్రవేత్త పెల్టియే కనుగొన్న సూత్రం మీద, విద్యుత్తుతో ఒక పక్క వేడిని లాగి మరొక పక్క వదులుతాయి. వదిలేది మళ్ళీ అదే గదిలోకి. తాము వాడుకున్న విద్యుత్తు వేడిని కూడా కలిపి మరీ. మనిషి చల్లబడతాడు, గది మరికాస్త వేడెక్కుతుంది. పక్కనే మరొకరు మామూలు పరుపు మీద పడుకుని ఉంటే వారి సంగతి ఆలోచించుకోవాలి.

ఖరీదైన పరుపు కొన్నవారు తరచుగా చేసే పొరపాటు ఒకటుంది. పాలో చాయో ఒలుకుతుందన్న భయంతో పైన నీరు దిగని ప్లాస్టిక్ కవరు తొడుగుతారు. దాని మీద మందపాటి దుప్పటి పరుస్తారు. గుళికలు ఆ కవరు అడుగున, వేడి చేరని చోట ఉండిపోతాయి. చెమట ఆరే దారీ మూసుకుపోతుంది. పలుచని నూలు దుప్పటి వేసిన మామూలు స్ప్రింగుల పరుపు అంతకన్న చల్లగా ఉంటుంది. స్ప్రింగుల మధ్య నులక మంచంలో వలె ఖాళీ ఉంటుంది గనుక గాలి ఆడుతుంది. ఇక పసిపిల్లలకు ఎంత చలువదైనా ఈ మెత్తని ఫోము పరుపు పనికిరాదు. వారికి గట్టిగా, చదునుగా ఉన్న తొట్టి పరుపే క్షేమమని కెనడా ఆరోగ్య శాఖ చెబుతోంది.

కొనేటప్పుడు అడగవలసిన ప్రశ్నలు రెండే. మైనం ఏ ఉష్ణోగ్రత వద్ద కరుగుతుంది? మొత్తం ఎన్ని జౌళ్ళు, లేదా ఎన్ని గ్రాములు ఉంది? చాలా దుకాణాలలో దీనికి జవాబు రాదు. చేయి ఆనించి చూడమంటారు. వంద రాత్రులు వాడి చూసి నచ్చకపోతే వెనక్కు ఇవ్వవచ్చునని ఇక్కడ చాలా సంస్థలు హామీ ఇస్తాయి. జనవరిలో ధరలు తగ్గించి అమ్మినప్పుడు కొన్న పరుపుకు ఆ గడువు ఏప్రిల్‌లోనో, మే తొలి రోజుల్లోనో ముగిసిపోతుంది. చలువ పరుపును జూన్ నెలలో కొనడం మంచిది.